ఏం లేదులే

సెప్టెంబరు 3, మంగళవారం

ఈ హాజరు పట్టీలో నలభై పేర్లు రాయడానికి గీతలు గీసి ఉన్నాయి. నా క్లాసులో పేర్లు తొమ్మిది. మిగిలిన ముప్పై ఒక్క గీతలూ నోళ్ళు తెరుచుకుని నన్నే చూస్తున్నాయి. కాగితం దండగ కాకూడదని వెనక పేజీల్లో రాస్తున్నాను. ఇంతకుమించి కారణం లేదు.

డైరెక్టరు మేడమ్ పిలిపించింది. ఆవిడ గది ఎంత శుభ్రంగా ఉంటుందంటే, గుమ్మంలో నిలబడగానే నా చెప్పుల్ని చూసి నేనే మొహం తిప్పుకుంటాను. ఈ భాషల బడిలో సాయంత్రం పూట పదకొండు భాషలు చెప్తారు. తెలుగు పదకొండోది. అక్షరక్రమంలో కాదు.

"వచ్చే టర్ముకి పదిమంది ఫారాలు ఇవ్వాలి. ఈ నెలా, వచ్చే నెలా టైము. లేకపోతే తెలుగు ఆపేస్తాం" అంది.

"పదేళ్ళుగా చెప్తున్నానండీ" అన్నాను.

"అదే కేసెట్టుతోనా?"

పెట్టి వినిపించమంది. పెట్టాను. ఒక మగగొంతు "నమస్కారము, తమరు క్షేమమేనా?" అంటుంది. ఆడగొంతు "క్షేమమే. ఇది నా గొడుగు" అంటుంది. "తమరి గొడుగు మిక్కిలి సుందరముగా నున్నది." మేడమ్‌కి తెలుగు రాదు. అయినా మొహం చిట్లించింది.

"నిజంగా ఇలా మాట్లాడేవాళ్ళు ఉన్నారా?"

"ఉండేవారేమోనండీ. గొడుగు మిగిలింది."

నవ్వలేదు. పాఠం కోసం తయారుచేసినవి వద్దంది. మనుషులు తమ బతుకు కోసం మాట్లాడుకునేవి, చూసేవి, వినేవి తెచ్చి చూపించమంది. వీడియోలు, ప్రకటనలు, ఫోను మాటలు, ఏవైనా సరే. "వ్యాకరణం పుస్తకంలో దొరుకుతుంది. మనుషులు ఎలా ఉంటారన్నది అక్కడ దొరకదు." ఆవిడ భాషలో చెప్పింది. నాకు అర్థమైనంత రాశాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ అడిగింది, "మేడమ్ ఏమన్నారు?"

"మెచ్చుకుంది."

"అయ్యో. అయితే క్లాసు తీసేస్తున్నారా?"

అక్క దగ్గర్నుంచి ఇవాళ కూడా ఏమీ రాలేదు. చూస్తూ కూర్చున్నానని కాదు. ఫోను చేతిలో ఉంది కాబట్టి తెలిసింది.

సెప్టెంబరు 6, శుక్రవారం

వార్తల వీడియో పెట్టాను. పియానో చెయ్యెత్తాడు. పియానోలు బాగుచేసి శ్రుతి పెట్టే పని ఆయనది, అందుకే నేను పెట్టుకున్న పేరు. పెద్దాయన, మెల్లగా మాట్లాడతాడు. "సార్, ఈమెకి ఎందుకు కోపం?"

"కోపం కాదండీ. వార్తలు."

సబ్బు ప్రకటన పెట్టాను. బేకరీ నడిపే ఆయన, "మీ ఇంట్లో స్నానం తరవాత అందరూ పరిగెడతారా?" అని అడిగాడు. మా ఇంట్లో స్నానానికి ముందు పరిగెడతారని, ఉన్నది ఒకటే గది అని చెప్పాను. రాసుకున్నాడు.

ఇద్దరు మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు.

సెప్టెంబరు 8, ఆదివారం

నిజంగా మాట్లాడే మనిషి కోసం ఫోనంతా వెతికాను. ఉన్నది ఒక్కతే. మా అక్క.

అక్క నాకన్నా ఆరేళ్ళు పెద్ద. ఇక్కడికి పగలంతా రైల్లో కూర్చుంటే వచ్చే దూరంలో ఉంటుంది. బట్టలు కుడుతుంది. ఇంట్లో అందరం మైకక్క అంటాం. చిన్నప్పుడు మా వీధిబడి పంతులుగారికి గంట అక్కర్లేకపోయింది. మా అక్క ఇంటి దగ్గర్నుంచి నన్ను కేకేస్తే, బడి వదిలేశారనుకుని పిల్లలందరూ పలకలు సర్దుకునేవారు.

రాయడం బద్ధకం కాబట్టి వాయిస్ మెసేజీలు పంపుతుంది. లెక్కపెట్టాను. నూట నలభై మూడు. ఒక్కోటి ఆరు నిమిషాలు, తొమ్మిది నిమిషాలు. అన్నిటి కిందా నేను బొటనవేలి బొమ్మ పెట్టి ఉన్నాను. అన్నీ విన్నానని చెప్పను. అక్క పది నిమిషాలు మాట్లాడితే అందులో సంగతి అర నిమిషం ఉంటుంది. ఆ అర నిమిషం ఎక్కడుందో వెతికే టైము ప్రూఫులు దిద్దుకునేవాడికి ఎక్కడిది? పగలంతా ప్రెస్సులో అదే పని కదా, ఊరి తప్పులన్నీ నేనే వెతుకుతాను.

జూన్ పదకొండు తరవాత ఒక్కటీ పంపలేదు. అలిగింది. ఎందుకో చెప్పదు. అలిగినవాళ్ళే చెప్పాలి, అది పద్ధతి.

ఏప్రిల్లోది ఒకటి తెరిచాను.

"ఒరేయ్, వింటున్నావా? మీ బావ నా ప్రాణం తీస్తున్నాడ్రా. నా టేపు పట్టుకెళ్ళి గోడ కొలిచాడు. అల్మరా పెట్టిస్తాట్ట. లాగీ లాగీ టేపు సాగిపోయింది. అది తెలీక నేను మా ఎదురింటావిడ నడుం కొలిచాను. రెండంగుళాలు తగ్గిందన్నాను. ఆవిడ మురిసిపోయి ఇంకో రెండు జాకెట్లు కుట్టమంది! ఇప్పుడు నేనేం చెప్పనురా ఆవిడికి? చచ్చిపోయాననుకో..."

నవ్వాను. పైకే నవ్వాను. మా ఆవిడ వంటగదిలోంచి తొంగి చూసింది.

"ఏప్రిల్లో పంపింది ఇప్పుడా వింటున్నారు?"

"క్లాసుకి."

సెప్టెంబరు 10, మంగళవారం

టేపు మెసేజీ పెట్టాను. గంటన్నర గడిచిందని గడియారం చెప్తే గాని తెలీలేదు.

"సార్, భర్త ప్రాణం తీస్తున్నాడు. పోలీసులకి చెప్పారా?" ఇది కోడలు పిల్ల. పెళ్ళిచేసుకుని తెలుగు ఇంట్లో అడుగుపెట్టింది. అత్తగారితో మాట్లాడ్డానికి వస్తుంది. ఇద్దరూ రెండేళ్ళుగా ఒకరినొకరు చూసి నవ్వుకుంటూ బతుకుతున్నారట.

"అది ప్రేమేనమ్మా. ముప్పై ఆరేళ్ళుగా తీస్తున్నాడు. ఇంకా అయిపోలేదు."

బేకరీ ఆయన అనుమానం వేరు. "చచ్చిపోయాననుకో అంటుంది. చచ్చిపోయి మెసేజీ ఎలా పంపింది?"

"ఒరేయ్" అంటే తిట్టా, ముద్దా అని అరగంట వాదించుకున్నారు. ఎవరు అంటున్నారో, ఎంతసేపు సాగదీశారో చూసుకోవాలని చెప్పాను. అందరూ సాగదీసి చూశారు. పక్క గదిలో పదో భాష చెప్పే ఆయన తలుపు తట్టి, అంతా బాగానే ఉందా అని అడిగాడు.

సెప్టెంబరు 13, శుక్రవారం

కోడలు పిల్ల అత్తగారితో "నీ మొహం!" అందట. అక్క మాటే. అత్తగారు కూలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్విందట. ఇది నేను నేర్పలేదని ఆవిడికి చెప్పమన్నాను.

వెళ్ళిపోయిన ఇద్దరూ తిరిగొచ్చారు. ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చారు. పదకొండు.

సెప్టెంబరు 15, ఆదివారం

మా ఆవిడ: "మీ అక్కకి చెప్పారా?"

"ఏమని?"

"ఆవిడ గొంతు పదిమందికీ వినిపిస్తున్నానని."

"నాకు పంపినవే కదా."

"మీకు పంపింది. మీరేమో వినలేదు. వినిపిస్తున్నారు."

ఈమెతో వాదన పెట్టుకుంటే భోజనం ఆలస్యమవుతుంది. అక్కకి చెప్పడానికేం, చెప్తాను. ముందు తను ఫోను చెయ్యాలిగా.

సెప్టెంబరు 17, మంగళవారం

ముందుగా వినకుండానే పెట్టేశాను. మే పన్నెండుది. అక్కవి ఏవి పెట్టినా పండుతున్నాయని ధీమా. ఫోను ప్రొజెక్టరుకి తగిలించి ఉంది, గోడ మీద అంతా కనిపిస్తుంది.

ఎవరో పెళ్ళికూతురు తను సన్నబడతానని, అప్పటికి సరిపోయేలా ఇప్పుడే కుట్టమన్న కథ. క్లాసంతా నవ్వుతోంది. చివర్లో అక్క "సరే, ఇంకో సంగతి..." అని ఆగింది. మిషను చప్పుడు కూడా ఆగింది. ఎక్కడో కుళాయి కారుతోంది. తరవాత, "ఏం లేదులే. ఉంటా మరి."

పియానో చెయ్యెత్తాడు. "సార్. మళ్ళీ పెట్టండి. చివర."

పెట్టాను.

"ఈ ఏం లేదు, పుస్తకంలో ఏం లేదు కాదు. ముందు ఆగింది. తరవాత గొంతు కిందకి. ఈ 'లే' ఏమిటి?"

బేకరీ ఆయన పుస్తకం తిరగేసి, "లే అంటే లేచి నిలబడు. ఏం లేదు, లే!" అన్నాడు. నవ్వులు.

నవ్వులు ఆగాక నేను చక్కగా, పంతుల్లా వివరించాను. సుద్దముక్కతో రాశాను కూడా. "ఏం లేదు అంటే ఏం లేదనే. ఏం లేదులే అంటే, ఉంది. చెప్పాలనే ఉంది. కానీ అడక్కుండా చెప్తే పలచనైపోతామని. ఇంకొక్కసారి అడుగు, చెప్తాను అని దాని అర్థం. మనవాళ్ళు 'ఏంటి, చెప్పు' అని అడిగి తీరాలి. అడక్కపోతే బాధపడతారు."

కోడలు పిల్ల అడిగింది. "మీరు అడిగారా సార్?"

గోడ మీద మెసేజీ. దాని కింద నా బొటనవేలు. తలుపంత ఉంది.

కరెంటు తీగ తీసేశాను. టైమైపోయిందన్నాను. ఇంకా ఇరవై నిమిషాలుంది.

మెట్ల దగ్గర పియానో ఆగి ఉన్నాడు. ఇబ్బందిగా చేతులు నలుపుకున్నాడు. "సార్, నేను తీగలు వింటాను, అది పని. మీ అక్క, ఏప్రిల్‌లో గొంతు గట్టి. మేలో గొంతులో గాలి ఉంది. కోపం కాదు. గాలి."

సెప్టెంబరు 18, బుధవారం

ప్రెస్సుకి వెళ్ళలేదు. నూట నలభై మూడూ వరసగా వినడం మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి జూన్ తొమ్మిదికి వచ్చాను.

తొమ్మిది నిమిషాలది. ఏడు నిమిషాల దాకా గొడుగు పోయిన కథ. ఆ తరవాత ఇది. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

"ఒరేయ్, నీ దగ్గర దాచడమెందుకులే. మెడ దగ్గర గడ్డ ఒకటి లేచింది. కోసి తీసెయ్యాలంటున్నాడు డాక్టరు. కోస్తే గొంతు మారొచ్చు, ఒక్కోసారి పోవచ్చు కూడాట. మీ బావకి గొంతు సంగతి చెప్పలేదు, కంగారుపడతాడు. నాకేమో మానేద్దామనుంది. ఉన్నన్నాళ్ళు ఉంటాను, ఉన్న గొంతుతో ఉంటాను. నువ్వేమంటావు? నాలుగక్షరాలు చదివినవాడివి. నువ్వెలా అంటే అలాగే."

దాని కింద బొటనవేలు.

జూన్ పదకొండుది చివరిది. రెండు మాటలు. "సరే అయితే."

ముప్పై ఏళ్ళుగా ఇతరుల పుస్తకాల్లో పోయిన అక్షరాలు పట్టుకుంటున్నాను.

అక్కకి ఫోను చెయ్యాలి. ఇప్పుడు భోజనం వేళ. తింటూ ఉంటుంది.

సెప్టెంబరు 19, గురువారం

ప్రెస్సులో పని ఎక్కువ. ఫోను కుదరలేదు.

సెప్టెంబరు 20, శుక్రవారం

అక్క మెసేజీ ఏదీ పెట్టలేదు. రైలు ప్రకటన పెట్టాను. రైలు నాలుగు గంటలు ఆలస్యమట. ఎవరికీ ఆ ఊసు పట్టలేదు.

"సార్, అక్కని అడిగారా?" కోడలు పిల్ల.

"చేశానమ్మా. ఫోను కలవలేదులే" అన్నాను.

పదకొండు మంది నావైపు చూశారు. ఆ 'లే' అందరికీ వినిపించింది. ఎవరు నేర్పారో గాని, బాగా నేర్పారు.

సెప్టెంబరు 21, శనివారం

పొద్దున్నే చేశాను. బావ ఎత్తాడు.

"ఓహో, ఎవరు? మా బామ్మర్దేనా? నీకు నోరుందా? వేలొక్కటే ఉందనుకున్నా."

"అక్క ఉందా బావా?"

"ఉంది. ఎక్కడికి పోతుంది? ఇదిగో, నీ తమ్ముడు. బతికే ఉన్నాట్ట."

చాలాసేపు కుట్టుమిషను చప్పుడే వినిపించింది. తరవాత, "ఆఁ, చెప్పు." ఆ గొంతులో సగం గాలే. పియానో వచ్చి చెప్పక్కర్లేకపోయింది, నాకే వినిపించింది.

"ఎలా ఉన్నావక్కా?"

"బానే ఉన్నా."

"గొంతేంటలా ఉంది?"

"ఏం లేదులే. జలుబు."

"లే అన్నావు."

"ఏంటీ?"

"ఏం లేదులే అన్నావు. లే అంటే ఉందని. ఏంటో చెప్పు."

మిషను ఆగింది.

"చెప్పానుగా. జూన్‌లోనే చెప్పాను. నువ్వు చూసి మానెయ్యమన్నావు, మానేశాను. డాక్టరు రెండుసార్లు కబురు పెట్టినా వెళ్ళలేదు. తమ్ముడు సరేనన్నాడన్నాను. మళ్ళీ ఇప్పుడెందుకు?"

"నేను మానెయ్యమన్లేదక్కా."

"వేలు ఎత్తి చూపించావు కదరా!"

"వినకుండా పెట్టాను."

నేనే మళ్ళీ అన్నాను, "అన్నిటికీ అలాగే పెట్టాను. వినలేదు."

"ఎన్ని?"

"నూట ముప్పై దాకా."

పెట్టేసింది. మాట్లాడకుండా ఫోను పెట్టెయ్యడం ఆవిడ జీవితంలో ఇదే మొదటిసారి అనుకుంటాను.

సెప్టెంబరు 22, ఆదివారం

చేశాను. ఎత్తలేదు.

చేశాను. బావ ఎత్తి, "బట్టలు ఉతుకుతోంది. మామూలుగా కాదు, బండకేసి బాదుతోంది. నీ పేరుతోనే అనుకుంటా" అన్నాడు. గొంతు సంగతి ఆయనకి రాత్రే చెప్పిందట. "నాకు చెప్తే కంగారుపడతానట. కంగారుపడనా మరి? అందుకేగా చేసుకున్నది!"

సాయంత్రం తనే చేసింది.

"ఇన్నాళ్ళూ విననివాడివి ఇప్పుడెందుకు విన్నావు?"

ఇక తప్పదని క్లాసు సంగతి చెప్పాను. మొదట్నించీ, మేడమూ గొడుగూ అన్నీ. అక్క ఊ కొట్టలేదు. ఊ కొట్టకుండా వినేవాళ్ళకి చెప్పడం ఎంత కష్టమో నాకు ఇవాళ తెలిసింది. ఇన్నేళ్ళూ తను ఎలా చెప్పిందో.

"అంటే నా మాటలు ముక్కూ మొహం తెలీనివాళ్ళకి వినిపించావు."

"అడక్కుండా వినిపించాను. తప్పే."

"మీ బావ టేపు సంగతి కూడానా?"

"అదే వాళ్ళకి బాగా నచ్చింది."

కుళాయి కట్టేసిన చప్పుడు.

"నిజంగా నచ్చిందా?"

"ఎదురింటావిడకి అసలు సంగతి చెప్పావా లేదా అని రోజూ అడుగుతున్నారు."

"నీ మొహం" అంది. కొంచెం సాగదీసింది. సాగదీసినంత మేర ప్రాణం లేచొచ్చింది.

సెప్టెంబరు 24, మంగళవారం

ఆపరేషను మాట ఎత్తితే, "నువ్వు ఊరుకో. నీ సలహా విన్నాను, చాలు" అంటోంది.

సెప్టెంబరు 27, శుక్రవారం

క్లాసుకి వీడియోలో వస్తానంది, వాళ్ళెవరో చూడాలట. గోడ నిండా అక్క మొహం. మెడకి కొలతల టేపు. గడ్డ కనబడకుండా చుట్టుకుందని నాకు తెలుసు.

"వీళ్ళేనా? నువ్వు చెప్తే ఏదో అనుకున్నా. శుభ్రంగానే ఉన్నారే!"

అందరూ కలిసి "నమస్కారం అక్కా" అన్నారు. ముందే కూడబలుక్కున్నారు, నాకు చెప్పలేదు. అక్క టేపు చివరతో ముక్కు తుడుచుకుంది.

బేకరీ ఆయన: "ఎదురింటావిడకి చెప్పారా?"

"చెప్పలేదు నాయనా. నిజంగానే రెండంగుళాలు తగ్గించుకుని వచ్చింది! నా కొలత మీద నమ్మకంతో తిండి మానేసింది."

ఇలా గంట నడిచింది. గొంతు మధ్యమధ్య జారిపోతుంటే నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టింది. చివర్లో కోడలు పిల్ల, "అక్కా, మెడ ఎలా ఉంది?" అంది. నేను బల్ల కింద కాలితో ఆపబోయాను. బల్లకి తగిలింది.

"ఏం లేదులేమ్మా" అంది అక్క.

పదకొండు గొంతులు ఒక్కసారి, "ఏంటి, చెప్పు!"

అక్క ఉలిక్కిపడింది. తరవాత నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, చిన్న మాటలు ఏరుకుని, నాకు ఒక్కసారీ చెప్పనంత నెమ్మదిగా చెప్పింది. "కోస్తే గొంతు పోతుందేమోనని భయం. చదువు లేదు, అందం లేదు. నాకంటూ ఉన్నది గొంతొక్కటే. అది పోతే ఇంట్లో నేనున్నానని ఎవరికి తెలుస్తుంది?"

పక్కనుంచి కనబడకుండా బావ, "నాకు తెలుస్తుందే" అన్నాడు. "నువ్వూరుకో" అంది అక్క.

పియానో లేచి నిలబడ్డాడు. మాటలు ఒక్కొక్కటే పట్టుకొచ్చాడు. "అక్కా. నా దగ్గరికి పాత పియానో వస్తుంది. తీగ పాడు. నేను భయపడతాను, ముట్టుకోను. అప్పుడు తీగ తెగుతుంది. నేను భయపడతాను, ముట్టుకుంటాను. అప్పుడు... వేరే గొంతు వస్తుంది. కానీ వస్తుంది."

అక్క మొహం తెరకి దగ్గరగా పెట్టింది.

"ఎవర్రా ఈయన? డాక్టరా?"

"పియానోలు బాగుచేస్తాడక్కా."

"అదీ సంగతి. మా డాక్టరుకీ ఉంది నోరు, ఎందుకూ?"

సెప్టెంబరు 28, శనివారం

అక్టోబరు పదిహేనుకి ఆపరేషను. తనే వెళ్ళి చెప్పొచ్చింది.

అక్టోబరు 4, శుక్రవారం

గొంతు ఉండగానే అన్నీ పెట్టుకోమని రోజుకి పది పంపుతోంది. "పాఠం ఒకటి. బేరం ఆడేటప్పుడు ముందు వెళ్ళిపోతున్నట్టు నాలుగడుగులు వెయ్యాలి. వెనక్కి చూడకూడదు. చూశారా, అయిపోయారు." "పాఠం ఆరు. ఎంతకీ లేవని చుట్టాల్ని లేపడం ఎలా." వెనకాల బావ, "నన్ను లేపడం కూడా చెప్పు" అంటుంటాడు.

అన్నీ వింటున్నాను. చివరి దాకా వింటున్నాను. ప్రతిదానికీ నోటితోనే జవాబు చెప్తున్నాను. నా ఫోనులో బొటనవేలు ఎక్కడుందో మర్చిపోయే ప్రయత్నంలో ఉన్నాను. దానంతట అదే పైకొస్తోంది, దొంగ వేలు.

అక్టోబరు 11, శుక్రవారం

డైరెక్టరు మేడమ్ వెనక బెంచీలో కూర్చుని క్లాసంతా చూసింది. అక్క "చూద్దాం" అన్న మెసేజీ పెట్టాను. ఎవరో అప్పుగా బట్టలు కుట్టమంటే అన్న మాట. మన దగ్గర "చూద్దాం" అంటే నూటికి తొంభైసార్లు కుదరదని, మర్యాదగా చెప్తున్నారని వివరించాను.

అయిపోయాక మేడమ్ నా దగ్గరికొచ్చింది. వచ్చే టర్ము సంగతి అడిగాను.

"చూ-ద్దాం" అంది. తెలుగులో. నవ్వు ఆపుకుంటూ వెళ్ళిపోయింది.

తొంభైలోనా, పదిలోనా? నేర్పినవాడికే తెలీడం లేదు.

అక్టోబరు 15, మంగళవారం. ఆసుపత్రి వరండా

క్లాసు మా ఆవిడకి అప్పగించి నిన్న రైలెక్కాను. "నాకేం వచ్చని?" అంది. "తెలుగు వచ్చుగా" అన్నాను.

లోపలికి తీసుకెళ్ళే ముందు అక్క, "ఒరేయ్, ఒకవేళ రాకపోతే..." అని ఆగింది. "ఏం లేదులే" అంది.

"ఏంటి, చెప్పు."

"గొంతు రాకపోతే, ఫోను చేసి ఊరికే పట్టుకుంటాను. నేనే అనుకో. పెట్టెయ్యకు."

పెట్టెయ్యనన్నాను.

బావ పక్కనే కూర్చుని కొలతల టేపుని చుడుతున్నాడు, విప్పుతున్నాడు. సాగిపోతుందని నేను చెప్పలేదు.

అక్టోబరు 15, సాయంత్రం

బాగానే జరిగింది. చెడ్డదేమోనని గడ్డని పరీక్షకి పంపారు. పది రోజులు నోరు విప్పకూడదు. ఆ తరవాత గాని గొంతు సంగతి తేలదు.

అక్టోబరు 18, శుక్రవారం

అక్క సుద్దతో నల్లగుడ్డ మీద రాస్తోంది. రాత బద్ధకమని చెప్పిన మనిషి ఇవాళ మూడు గజాలు రాసింది. అక్షరదోషాలు పదిహేడు. దిద్దలేదు.

బావ నా చెవిలో, "ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటే చెవులు గింగుర్లెత్తుతున్నాయిరా. నిద్దర పట్టట్లేదు" అన్నాడు. అక్క అది విని గుడ్డ మీద రాసింది: "నీ మొహం."

సాగదీయడానికి ఒక గీత కూడా గీసింది.

అక్టోబరు 22, మంగళవారం

తిరిగొచ్చాను. మా ఆవిడ క్లాసులో "మా ఆయన మీద పితూరీలు" అన్న పాఠం చెప్పిందట. అందరూ చాలా బాగుందంటున్నారు. ఇంకా ఎన్ని భాగాలున్నాయని బేకరీ ఆయన అడిగాడు.

అక్టోబరు 28, సోమవారం

పద్నాలుగు ఫారాలు. ఒకటి కోడలు పిల్ల అత్తగారిది. తెలుగావిడ తెలుగు క్లాసులో ఎందుకు చేరుతుందని మేడమ్ అడిగింది. అక్క కోసమని చెప్పాను.

అక్క పరీక్ష రిపోర్టు రేపు వస్తుంది. పది రోజులూ దాటి మూడు రోజులైంది. ఫోను రాలేదు, ఊరికే పట్టుకున్నది కూడా రాలేదు. ఇవాళ ప్రూఫులో ఒక పేజీ రెండుసార్లు దిద్దాను.

అక్టోబరు 29, మంగళవారం

క్లాసు మొదలై పది నిమిషాలైంది. ఫోను ప్రొజెక్టరుకి తగిలించే ఉంది. అక్క పేరు పక్కనుండే కుట్టుమిషను బొమ్మ గోడ మీద వెలిగింది. అక్క. వాయిస్ మెసేజీ. రెండు సెకన్లు.

మాట్లాడుతున్నవాళ్ళందరూ ఆగిపోయారు. నేను కూర్చున్నాను. మళ్ళీ లేచాను. ఒక్కణ్ణే బయటికెళ్ళి విందామా అనుకున్నాను. పియానో తల అడ్డంగా ఊపాడు.

నొక్కాను.

ముందు గరగర. బీరువా తలుపు తెరిచినట్టు. తరవాత ఒక గొంతు. అక్కదే. మైకు కాదు, మైకుకి గుడ్డ కప్పినట్టుంది. ఐనా అక్కదే.

"ఏం లేదు."

అంతే.

నాకు అర్థం కాలేదు. నిజంగా అర్థం కాలేదు, తెలుగు పంతుల్ని. మళ్ళీ పెట్టమని పియానో వేలు తిప్పాడు. మళ్ళీ పెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. "కింద ఆగింది. తరవాత ఏమీ లేదు" అన్నాడు.

కోడలు పిల్ల బెంచీ మీంచి లేచిపోయింది.

"సార్! లే లేదు సార్! లే లేదు!"